పంతొమ్మిదో పని

మున్సిపాలిటీలు ఏమేం పనులు చూసుకోవచ్చో రాజ్యాంగంలోనే రాసిపెట్టారు. 74వ సవరణ, 1993 జూన్ 1 నుంచి అమలు, 12వ షెడ్యూలు, మొత్తం 18 అంశాలు. మంచినీళ్లున్నాయి, రోడ్లున్నాయి, చెత్త ఉంది, వీధి దీపాలున్నాయి. శ్మశానాలను మరవలేదు. 15వ అంశం కింద బందెలదొడ్డిని కూడా చేర్చారు. దారి తప్పిన గొడ్డును ఎక్కడ కట్టేయాలా అని ఢిల్లీలో కూర్చుని ఆలోచించిన ఆ పెద్దల ముందుచూపుకు దండం పెట్టాలి. కబేళాలు, తోళ్ల శుద్ధితో 18 పూర్తయింది, పెన్నుకు మూత పెట్టేశారు. అంతటి మేధావులకూ సన్మానం గుర్తుకు రాలేదు!

దీనివల్ల కౌన్సిళ్లు పడుతున్న ఇబ్బంది బయటివాళ్లకు తెలియదు. అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టే పనికి రాజ్యాంగంలో చోటే లేకపోతే ఎలా? ఆ కష్టం కళ్లారా చూశాను కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఈమధ్య ఒక మున్సిపల్ కౌన్సిల్ సాధారణ సమావేశంలో వెనక కుర్చీలో కూర్చునే భాగ్యం కలిగింది. ఊరి పేరు చెప్పను. చెబితే మిగతా ఊళ్లు చిన్నబుచ్చుకుంటాయి. 11 గంటలకన్న సమావేశం 12కి మొదలైంది. కోరం కోసం ఇద్దరు సభ్యులను ఫోన్ చేసి మరీ రప్పించారు. ఎజెండాలో 42 అంశాలు. గుమస్తా లేచి "అంశం నంబరు ఒకటి" అని చదవడం, ముందు వరసలోంచి "ఆమోదం" అనడం. కాసేపటికి ఇద్దరికీ లయ కుదిరింది. ఇరవయ్యో అంశం దాటాక నంబరు వినకముందే ఆమోదం వచ్చేస్తోంది. ఒకచోట గుమస్తా దగ్గితే దానికీ ఆమోదం తెలిపారు. మినిట్స్ పుస్తకంలో ఆ దగ్గు ఎక్కిందో లేదో చూడాలి.

మధ్యలో ఒక కౌన్సిలరమ్మ లేచారు. చేతిలో నీళ్ల సీసా.

"చైర్‌పర్సన్ గారూ, మా వార్డులో కుళాయి పైపు మురుగుకాలవలోంచి పోతోంది. మూడు మీటింగుల నుంచీ మొత్తుకుంటున్నా. ఇవి నిన్న పొద్దున పట్టిన నీళ్లు. మీలో ఎవరైనా ఒక్క గుక్క తాగండి, నోరు మూసుకుని కూర్చుంటా."

ఎవరూ తాగలేదు. చైర్‌పర్సన్ గారు ఇంజినీరు వైపు తిరిగి "నోట్ చేసుకోండి" అన్నారు. ఆయన వెంటనే తలవంచి శ్రద్ధగా రాయడం మొదలుపెట్టారు. వెనకనుంచి తొంగిచూశాను. కాగితం మీద వేదిక బొమ్మ ఉంది. ఎనిమిది కుర్చీలు, ఎవరి పక్కన ఎవరు అన్నది బాణం గుర్తులతో సహా. ఆయన అప్పుడే మూడో కుర్చీలో పేరు కొట్టేసి ఐదో కుర్చీలో రాశారు. తప్పు పట్టడానికి లేదు. నీళ్ల సంగతి వచ్చే నెల మళ్లీ అడగొచ్చు, కుర్చీ తేడా వస్తే వచ్చే ఎన్నికల దాకా నడుస్తుంది.

42 అంశాలూ ముప్పావు గంటలో అయిపోయాయి. అప్పుడు టేబుల్ ఎజెండా, అంటే ముందుగా పంపకుండా అప్పటికప్పుడు బల్ల మీద పెట్టేది, తీశారు. "సన్మాన కార్యక్రమం నిమిత్తం ఇదివరకే చేసిన ఖర్చుకు ర్యాటిఫికేషన్." గేటు దగ్గర ఫ్లెక్సీలు కట్టేసి, హాల్లో శాలువాల మూటలు దించేశాక కాదనేదేముంది? ఊళ్లో పార్టీలు లేవా, గొడవలు లేవా అంటారు గానీ, ఆ నిమిషంలో చూడాలి ఐకమత్యం. నీళ్ల సీసా అమ్మగారు కూడా సీసా కింద పెట్టి చెయ్యెత్తారు. జాబితాలో ఆమెకూ ఒక శాలువా ఉంది మరి.

ఆ తర్వాత సన్మానం, రెండు గంటల పైచిలుకు. బదిలీ మీద వెళ్తున్న కమిషనర్‌కు ఒకటి, ఆయన స్థానంలో వచ్చిన కమిషనర్‌కు ఒకటి. వెళ్లేవారు పట్టణాన్ని ఎంతో అభివృద్ధి చేశారన్నారు. వచ్చినవారు ఇకమీదట అభివృద్ధి చేస్తారన్నారు. ఈ రెంటి మధ్యా తానెక్కడుందో తేల్చుకోలేక ఊరు చప్పట్లు కొట్టింది. రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు, రోడ్డు వేసినందుకు సన్మానం. ఇది నాకు మరీ నచ్చింది. బిల్లు తీసుకుని కూడా రోడ్డు వేశాడంటే మామూలు విషయం కాదని కౌన్సిల్‌కు తెలుసన్నమాట. చైర్‌పర్సన్ గారికి కౌన్సిలర్లు కప్పారు. ఆ అభిమానానికి కదిలిపోయి కౌన్సిలర్లకు చైర్‌పర్సన్ గారు కప్పారు.

రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది కదా అని చదువుకున్నవాళ్లు కొందరు సన్నాయినొక్కులు నొక్కుతారు. నిజమే, సైనిక, విద్యా గౌరవాలు తప్ప రాజ్యం ఎవరికీ బిరుదు ఇవ్వకూడదు. ఆ ఊపులో 1977లో జనతా ప్రభుత్వం పద్మ పురస్కారాలనే ఆపేసింది, 1980లో అవి మళ్లీ వచ్చాయి. 1995లో సుప్రీంకోర్టు ఒక మధ్యేమార్గం చెప్పింది. పురస్కారం ఇచ్చుకోండి, అది బిరుదు కాదు, కానీ పేరుకు ముందూ వెనకా తగిలించుకోకండి అని. మన కౌన్సిళ్లు దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. 'అభివృద్ధి ప్రదాత', 'పేదల పెన్నిధి', 'వార్డు వెలుగు' ఇవేవీ మున్సిపాలిటీ ఇచ్చినవి కావు, ఫ్లెక్సీ షాపులో డిజైన్ చేసే కుర్రాడు ఇచ్చినవి. 12వ అధికరణం ప్రకారం ఫ్లెక్సీ షాపు 'రాజ్యం' కిందికి రాదు. టెన్షన్ లేదు.

పౌరసన్మానానికి మన దగ్గర పాత చరిత్రే ఉంది. స్వాతంత్ర్యానికి ముందు పెద్దలెవరైనా వస్తే సన్మానపత్రం అచ్చువేయించి, వెండి పేటికలో పెట్టి ఇచ్చేవారు. గాంధీ గారి దగ్గర మాత్రం ఈ ముచ్చట చెల్లలేదు. 1933-34 హరిజన యాత్రలో ఆయన ఆ పత్రాలనూ పేటికలనూ సభలోనే వేలం వేసి, వచ్చిన సొమ్మును హరిజన నిధిలో వేసుకునేవారు. ఇచ్చినవాళ్లు ఇంకా వేదిక దిగనైనా లేదు! అలాంటి అతిథి ఇప్పుడొస్తే మన జ్ఞాపికకు పాటెక్కడ మొదలవుతుందో తలుచుకుంటేనే భయం. చెక్కలా కనబడే ప్లాస్టిక్, దాని మీద ఇచ్చినవాళ్ల ఫొటోలు నాలుగు, అట్టడుగున పుచ్చుకున్నవాళ్ల పేరుతో ఒక స్టిక్కరు. ఆఖరి నిమిషంలో మనిషి మారినా జ్ఞాపిక మార్చనక్కర్లేకుండా ఆ ఏర్పాటు.

ఇక ఊరికి ఊరే సన్మానం పొందే పద్ధతి స్వచ్ఛ సర్వేక్షణ్, కేంద్రం పెట్టే పరిశుభ్రత పోటీ. 2016లో 73 నగరాలతో మొదలై ఇప్పుడు 4 వేలకు పైగా పట్టణాలకు పాకింది. ఇందులో ఇందోర్ వాళ్లు 2017 నుంచి ఏడుసార్లు వరసగా మొదటి స్థానంలో ఉన్నారు. ఏడోసారి సూరత్‌తో కలిసి. చివరికి పోటీ పెట్టినవాళ్లకే విసుగొచ్చి, ఇలా గెలుస్తూ పోయే నగరాలకు వేరే లీగ్ పెట్టి పక్కన కూర్చోబెట్టారు. మంచి పని చేశారు. అక్కడ ముందు చెత్త ఎత్తారు, తర్వాత బహుమతి తీసుకున్నారు. ఇలా వరస తప్పి నడిచేవాళ్లను చూసి మిగతా ఊళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది.

మన సభకు వస్తే, జాబితాలో చివరి పేరు ఒక పారిశుద్ధ్య కార్మికురాలిది. ఇరవై ఏళ్లుగా ఊడుస్తోందట, ఇంకా ఔట్‌సోర్సింగే. మైకు పట్టుకున్నాయన "వీరు కార్మికులు కారు, దేవతలు" అన్నారు. దేవతలకు జీతం పెంచమని ఎవరూ అడగరు కాబట్టి మాట సరిగ్గానే పడింది. అప్పటికి మూడు దాటింది, హాలు సగం ఖాళీ. పేరు తప్పు చదివారు, ఆమె సరిచేయలేదు. ఒక్క శాలువా మీద తొమ్మిది చేతులు పడ్డాయి, ఫొటోలో ఆమె కనబడలేదు. కిందికి దిగి శాలువాను నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపుకుంది. వేదిక నిండా తొక్కిన బంతిపూల రెక్కలు. కార్మికుల పని చూసే శానిటరీ జవాన్ ఏమీ అనలేదు, అటు చూశాడంతే. చీపురు తెచ్చి ఊడ్చేసింది.

అప్పుడు ముఖ హాజరు. అతను ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు. ఫోన్ ఒప్పుకోలేదు.

"నుదుటి మీద ఆ గంధం తుడువమ్మా."

తుడుచుకుంది. మళ్లీ పెట్టాడు.

"టైమ్ కూడా అయిపోయింది. రెండు గంటలకు వేయాలి కదా. ఈ పూట పోయినట్టే."

"ఇక్కడే ఉన్నాగా సార్, సన్మానంలో."

"నాకు తెలుసమ్మా. యాప్‌కి తెలియదు."

"మరి ఎవరిని అడగాలి సార్?"

"కమిషనర్ గారిని," అని జవాన్ వేదిక వైపు చూశాడు. అక్కడ ఇద్దరూ శాలువాలతో నిలబడి ఫొటో దిగుతున్నారు. "ఏ కమిషనర్ గారినో ముందు కనుక్కోవాలి."