‘ఈ ఒక్కసారికి’ సంతకాలు

పాఠశాల సిబ్బందితో కుదుర్చుకున్న ఒప్పందానికి గడువు దగ్గరపడిందంటే చాలు, ఎక్కడ చూసినా ఒకటే తంతు. బల్లకు ఒక పక్క ఉద్యోగ సంఘం ప్రతినిధులు కూర్చుంటారు. గత ఒప్పందాల్లో ఏ నిబంధన ఎందుకు వచ్చిందో, ఏ మాట కోసం ఎన్ని గంటలు వాదించారో వారికి కంఠతా వచ్చు. రెండో పక్క పాఠశాల బోర్డు, అంటే బడుల పాలకమండలి, పంపగా వచ్చిన అధికారులు. బడి నడపడంలో దిట్టలే కావచ్చు గానీ, అమల్లో ఉన్న ఒప్పందాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివినవారు వారిలో ఎందరున్నారో వెతుక్కోవాలి. చర్చలకు ముందు వారం ఒక న్యాయవాది వచ్చి, ఏం మాట్లాడకూడదో ఓ పూట చెప్పి వెళతారు. దానికి శిక్షణ అని పేరు. ఇక అర్ధరాత్రి దాటాక, తెల్లవారితే సమ్మె అన్న మాట గదిలో తిరుగుతున్నప్పుడు ఎవరో ఒకరు అంటారు: ‘ఈ ఒక్కసారికి ఒప్పుకుందాం, వచ్చేసారి చూసుకుందాం.’ అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సంతకాలు పడతాయి.

వచ్చేసారి చూసుకోవడానికి ఏమీ మిగలదు. ఈ పత్రిక కోపమంతా ఆ ‘ఈ ఒక్కసారికి’ మీదే.

సిబ్బంది ఒప్పందాల్లో ‘ఒక్కసారి’ అనేది ఉండదు. రాసిందేమో తర్వాతి చర్చలకు పునాది అవుతుంది, రాయకుండా చేసిందేమో ఆనవాయితీ అవుతుంది. ఈ వ్యవహారం చట్టంలోకి బాగా ఎక్కిన అమెరికాను చూస్తే సంగతి తెలుస్తుంది. చర్చలు సాగుతుండగా యాజమాన్యం తనంతట తాను పని షరతులు మార్చడమంటే చర్చలకు నిరాకరించడమేనని అక్కడి సుప్రీంకోర్టు 1962లోనే, కట్జ్ కేసులో తేల్చింది. అది ప్రైవేటు సంస్థకు సంబంధించిన కేసే అయినా, ప్రభుత్వ ఉద్యోగుల వివాదాలను విచారించే రాష్ట్రాల బోర్డులు చాలాచోట్ల అదే సూత్రాన్ని పట్టుకున్నాయి. న్యూయార్క్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ ఉద్యోగ సంఘాల వ్యవహారాలను చూసే అక్కడి టేలర్ చట్టానికి 1982లో చేసిన సవరణ ప్రకారం, కొత్త ఒప్పందం కుదిరేదాకా గడువు తీరిన ఒప్పందంలోని షరతులు కొనసాగాల్సిందే. ఏటా పడే ఇంక్రిమెంట్లు కూడా అందులో భాగమే. ఎప్పటితో ముగుస్తుందో విడమరచి రాయకుండా ఇచ్చిన రాయితీని వెనక్కి తీసుకోవాలంటే సంఘం ఒప్పుకోవాలి. ఎందుకు ఒప్పుకుంటుంది? వారి పని వారు చేస్తున్నారు. పని రానిది ఎదుటి పక్కన కూర్చున్నవారికి.

చిన్న సంగతే తీసుకుందాం. ఒప్పందంలో ‘సిబ్బంది సమావేశాలు సముచిత వ్యవధిలో ముగియాలి’ అని ఉందనుకుందాం. ఒక ప్రిన్సిపల్ శుక్రవారం సమావేశాన్ని అరగంటలో ముగించి అందరినీ ఇళ్లకు పంపేస్తారు. మంచితనంతోనే, ఎవరినీ అడగకుండానే. ఏళ్లు గడుస్తాయి. కొత్త ప్రిన్సిపల్ వచ్చి గంటసేపు కూర్చోమంటారు. వెంటనే ఫిర్యాదు నమోదవుతుంది, అది తీర్పు చెప్పే మధ్యవర్తి, అంటే ఆర్బిట్రేటర్ దాకా వెళుతుంది. ఒప్పందంలోని మాట స్పష్టంగా ఉండి ఉంటే కొత్త అధికారి గట్టెక్కేవారేమో. ‘సముచితం’ అంటే ఎంత? ఆర్బిట్రేటర్ అడిగేది ఒక్కటే: ఇన్నేళ్లూ మీరు ఏం చేశారు? అరగంట అన్న అంకె ఏ కాగితం మీదా లేకపోయినా, అది నిబంధనంత బలంగా నిలబడగలదు. పాత ప్రిన్సిపల్ తాను మర్యాద చేస్తున్నాననుకున్నారు. నిజానికి చేసింది ఒప్పందం. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మాటల విషయంలోనూ అంతే. ‘తరగతిలో విద్యార్థుల సంఖ్య సాధ్యమైనంత వరకు 25కు మించకుండా చూస్తారు’ అనే వాక్యం ఒక ఉద్దేశాన్ని చెబుతుంది. ‘సాధ్యమైనంత వరకు’ అన్నది కొట్టేస్తే అదే వాక్యం ఇరవయ్యారో విద్యార్థి చేరిన రోజున మరో టీచరునూ మరో గదినీ అడుగుతుంది. ఆ రెండు మాటలను తీసేయడం తప్పని మేము అనడం లేదు. పిల్లలకు చిన్న తరగతులే మేలు. కానీ తీసేసేవారికి ఎన్ని గదులు కావాలో, ఎందరు టీచర్లు కావాలో ముందే తెలిసి ఉండాలి. రాత్రి రెండు గంటలకు, వచ్చేసారి సరిచేసుకుందాంలే అనుకుని కొట్టేసే మాటలు కావు అవి.

జీతాల లెక్క దగ్గరికి వస్తే అజ్ఞానం మరీ ఖరీదైనది. ఏటా 3 శాతం చొప్పున మూడేళ్లు అంటే 9 శాతమే కదా అనుకునే బోర్డు సభ్యులున్నారు. అది 9.27 శాతం. ఆ పెంపు పడేది స్కేలు మీద. స్కేలులో సర్వీసును బట్టి మెట్టు మెట్టుకూ వచ్చే ఇంక్రిమెంటు వేరే ఉంటుంది. అది సగటున 2 శాతం ఉండి, ఉన్నవారంతా కొనసాగితే, మూడేళ్లు తిరిగేసరికి జీతాల బిల్లు దాదాపు 16 శాతం పెరుగుతుంది. పైగా జీతంతో ముడిపడిన పింఛను వాటా కూడా దాని వెంటే ఎక్కుతుంది. 9కీ 16కీ మధ్య ఉన్న తేడాలోనే ఒక గ్రంథాలయమో, ఒక బస్సు మార్గమో, ఇద్దరు కౌన్సెలర్లో కొట్టుకుపోతారు. అదే డబ్బును ఒకేసారి చెల్లించే బోనస్‌గా ఇస్తే అది ఆ ఏడాదితో ఆగుతుంది, స్కేలులో కలిపితే ఎప్పటికీ ఆగదు. ఈ తేడా తెలియనివారిని చర్చలకు పంపుతున్నారంటే తప్పు వెళ్లినవారి కంటే పంపినవారిదే ఎక్కువ.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. కొవిడ్ కాలంలో, 2020, 2021 సంవత్సరాల్లో మూడు విడతలుగా అమెరికా కేంద్ర ప్రభుత్వం పాఠశాలలకు దాదాపు 19,000 కోట్ల డాలర్ల సహాయం ఇచ్చింది. అది ఒక్కసారి వచ్చే సొమ్మని అందరికీ తెలుసు. చివరి విడత డబ్బును దేనికి వాడతారో 2024 సెప్టెంబరు 30లోగా తేల్చేయాలని గడువు కూడా పెట్టారు. అయినా కొన్ని పాఠశాల జిల్లాలు, అంటే ఒక్కో ప్రాంతంలోని బడులను నడిపే సంస్థలు, ఆ సొమ్మును చూసుకుని కొత్త నియామకాలూ, ఏటేటా కొనసాగే జీతాల పెంపులూ చేశాయి. గడువు తీరింది, డబ్బు పోయింది, బిల్లు మిగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు కోతల జాబితాలు తయారయ్యాయి. ఆగిపోయే డబ్బుతో ఆగని ఖర్చును నెత్తికెత్తుకోమని ఏ సంఘమూ తుపాకీ గురిపెట్టలేదు. ఇదీ ‘ఈ ఒక్కసారికి’ చేసిన పనే. కాకపోతే ఈసారి ఒక్కసారికే అన్నది డబ్బు, ఎప్పటికీ అన్నది ఒప్పందం.

అధికారులకు ఇలాంటి శిక్షణ ఇవ్వడమంటే టీచర్ల మీదికి సైన్యాన్ని తయారుచేయడమేనని కొందరంటారు, ఇదంతా న్యాయవాదులకు వదిలేస్తే సరిపోతుందని మరికొందరంటారు. రెండు భయాల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ న్యాయవాది బిల్లు తీసుకుని వెళ్లిపోతారు, ఒప్పందంతో మూడేళ్లు కాపురం చేయాల్సింది ప్రిన్సిపలే. ఇక సంఘాల విషయానికొస్తే, ఎదురుగా కూర్చున్నవారికి అధికారమూ లెక్కా రెండూ తెలిసి ఉండటం వారికీ మేలే. తెలియనివారితో కుదుర్చుకున్న ఒప్పందం మూడో ఏట ఉద్యోగాల కోతగా తిరిగి వస్తుంది. ఆ కోతలో మొదట పోయేది సంఘంలో కొత్తగా చేరినవారే.

అసలు బల్లే లేకుండా చేస్తే గొడవే ఉండదనే మహానుభావులూ ఉన్నారు. టీచర్ల జీతాలు, పని షరతులు వారి సంఘాలతో చర్చించే నిర్ణయించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో 1966లోనే సిఫార్సు చేశాయి. ఆ మాట చెవికెక్కనివారు అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రాన్ని గుర్తుచేసుకోవాలి. అక్కడి టీచర్లకు సమష్టి బేరసారాల హక్కును చట్టం ఇవ్వలేదు. 2018 ఫిబ్రవరిలో మొత్తం 55 కౌంటీల్లోనూ బడులు మూతపడ్డాయి. మార్చిలో 5 శాతం జీతాల పెంపు చట్టమయ్యాకే తెరుచుకున్నాయి. చర్చించే బల్లను తీసేసినంత మాత్రాన చర్చ ఆగలేదు, రాష్ట్ర శాసనసభ భవనం మెట్ల మీదికి వెళ్లింది.

పొరుగున ఉన్న వర్జీనియాలో కథ ఇంకో రకం. 1977లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇలాంటి ఒప్పందాలు చెల్లవంది. నాలుగు దశాబ్దాలకు పైగా గడిచాక 2021 మే 1 నుంచి, స్థానిక సంస్థలు ఒప్పుకుంటే చర్చించుకోవచ్చని కొత్త చట్టం తలుపు తీసింది. ఆ డిసెంబరులోనే రిచ్‌మండ్ పాఠశాల బోర్డు ముందుకొచ్చింది. అంటే అక్కడ ఒక తరం అధికారులు ఈ పని చూడకుండానే పదవీ విరమణ చేశారు. అలాంటిచోట మొదటి ఒప్పందంలో పడిన ప్రతి మాటా తర్వాత వచ్చే ఒప్పందాలన్నిటికీ అచ్చు అవుతుంది. ‘మొదటిసారి కదా, సర్దుకుపోదాం’ అనడానికి అంతకంటే ప్రమాదకరమైన చోటు లేదు.

ఈ జబ్బుకు ఇంకో ముఖం కూడా ఉంది. రాతలో పెట్టడానికి భయపడి నోటిమాటతో గడిపేయాలనుకునేవారు. 2019 అక్టోబరులో చికాగోలో జరిగింది చూడండి. బడుల్లో నర్సులను, పిల్లల కష్టాలు కనిపెట్టి సాయపడే సామాజిక కార్యకర్తలను (సోషల్ వర్కర్లను) నియమిస్తామని మేయర్ లోరీ లైట్‌ఫుట్ యంత్రాంగం చెబుతూనే వచ్చింది. చెబుతున్నది ఒప్పందంలో రాయండని టీచర్ల సంఘం అడిగింది. అక్కడ బిగుసుకుంది. సమ్మెతో 11 బడి రోజులు తరగతులు లేవు. చివరికి ప్రతి పాఠశాలకూ ఒక నర్సు, ఒక సామాజిక కార్యకర్త అని రాసి, దశలవారీగా అమలుకు గడువు పెట్టి సంతకం చేశారు. చేయగలమని నమ్మితే మొదటి రోజే గడువుతో సహా రాయొచ్చు. నమ్మకపోతే మాట ఇవ్వకూడదు. ఈ రెంటికీ మధ్య ఊగిసలాడినందుకు మూల్యం పిల్లలు చెల్లించారు.

‘డబ్బు లేదు’ అనే పల్లవి సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. ఇవ్వలేనని వాదించే యజమాని అడిగినప్పుడు లెక్కలు చూపించాలని 1956లోనే ట్రూయిట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అంది. అయినా లెక్కలు చూపకుండా ‘ఈ ఒక్కసారికి నమ్మండి’ అనే అధికారులకు కొదవలేదు. ఒకసారి ఖాళీ అని చెప్పిన ఖజానాలో ఏడాది చివర మిగులు కనిపిస్తే, తర్వాత నిజంగా ఖాళీ అయిన రోజున ఎవరూ నమ్మరు. అదీ ఆనవాయితీయే.

బోధనేతర సిబ్బందిని లెక్కలోకి తీసుకోనివారికి లాస్‌ఏంజెలెస్ చాలు. 2023 మార్చిలో బస్సు డ్రైవర్లు, వంటవారు, పారిశుద్ధ్య సిబ్బంది, తరగతి సహాయకులు మూడు రోజుల సమ్మెకు దిగారు. టీచర్లు వారికి మద్దతుగా నిలిచారు. 4 లక్షలకు పైగా విద్యార్థుల చదువు ఆగింది. ఒప్పందం 30 శాతం పెంపుతో కుదిరింది. ఆ పెంపు న్యాయమే కావచ్చు. అంత న్యాయమైనది సమ్మె దాకా ఎందుకు ఆగాల్సి వచ్చిందో చెప్పాల్సింది యాజమాన్యమే.

శిక్షణ అంటే ముఖం ఎలా బిగించాలో, ఎప్పుడు లేచి వెళ్లిపోవాలో నేర్పడం కాదు. గడువుకు ఏడాది ముందే మొదలుపెట్టి, గత ఒప్పంద కాలంలో వచ్చిన ఫిర్యాదులన్నీ ముందేసుకుని, ఏ నిబంధన ఎక్కడ గుచ్చుకుందో ప్రిన్సిపళ్లను అడగాలి. వారికంటే ఆ ఒప్పందం తెలిసినవారు యాజమాన్యంలో లేరు. వారినే బయట కూర్చోబెట్టడం మామూలైపోయింది. ప్రతి ప్రతిపాదనకూ మూడేళ్ల ఖర్చు కట్టి, ఆ కాగితం బల్ల మీదికి వెళ్లకముందే బోర్డు చేతిలో పెట్టాలి. ఎంతదాకా ‘సరే’ అనవచ్చో బోర్డు రాతపూర్వకంగా చెప్పాలి. చర్చల నోట్సు రాయడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెట్టాలి, ఎందుకంటే అయిదేళ్ల తర్వాత ఆర్బిట్రేటర్ ముందు మాట్లాడేది ఆ నోట్సే. ఒప్పందంతో పాటు పుట్టుకొచ్చే అనుబంధ లేఖల మీద ముగింపు తేదీ లేకపోతే సంతకం చేయకూడదు. వీటిలో ఏదీ సంఘానికి వ్యతిరేకం కాదు. ఏదీ పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు. చేయకపోవడానికి కారణం బద్ధకం, ఆ బద్ధకానికి మర్యాదస్తుల భాషలో ‘సామరస్యం’ అని పేరు పెట్టుకోవడం.

బోర్డు సభ్యులకు ఒక మాట. తలుపులు మూసుకుని ఒప్పుకున్నదాన్ని తలుపులు తెరిచి సంఘం మీద నెట్టడం మానండి. ‘సంఘాలు బడ్జెట్‌ను మింగేశాయి’ అని మీరు సభల్లో చెప్పే ఒప్పందం మీద మీ సంతకమూ ఉంది. తన ముందున్న ఒప్పందానికి మూడో ఏట ఎంత ఖర్చవుతుందో నోటితో చెప్పలేని అధికారిని ఇంకోసారి ఆ గదిలోకి పంపకండి. పంపితే, తర్వాత వచ్చే కోతల జాబితా మీద సంఘం పేరు కాదు, మీ పేర్లు రాయండి.