యాదయ్య ఉరఫ్ జాదజ్జా

మా తాత పేరు యాదయ్య. ఆయన పోయిన మూడో నెలలో పుట్టానని ఆ పేరే నాకు పెట్టారు. ఊళ్లో మిగతా అయ్యలందరికీ బడి రికార్డుల్లో చివర ఏ, ఐ, ఏ, హెచ్ అని రాసిన మా హెడ్మాస్టరు, నా దగ్గరికి వచ్చేసరికి ఏ లోకంలో ఉన్నాడో గానీ రెండు వైలు పక్కపక్కన పెట్టి రాశాడు. మొదట్లో ఉన్నదానితో కలిపి మొత్తం మూడు. పదో తరగతి మెమో మీదా అదే, పాస్‌పోర్టు మీదా అదే. ఏడక్షరాల పేరులో మూడు వైలు ఉంటే ఎంత ప్రమాదమో తెలియడానికి నేను జర్మనీ దాకా పోవాల్సి వచ్చింది.

మాగ్డెబుర్గ్‌లో ఎమ్మెస్. వెళ్లిన రెండో వారమే, హైదరాబాద్ నుంచి చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లిన ల్యాప్‌టాప్ మీద టీ ఒలకబోసుకున్నాను. అల్లం టీ. అది రెండు రోజులు అల్లం వాసన కొడుతూ బతికి, మూడో రోజు కన్ను మూసింది. కొత్తది కొనే స్తోమత లేక సెకండ్ హ్యాండ్ షాపుకి పోయి ఒకటి తెచ్చుకున్నాను. తెచ్చాక చూస్తే ఎంటర్ బటన్ తిరగేసిన ఎల్‌లాగా రెండంతస్తుల మేడలా ఉంది. కంట్రోల్ ఉండాల్సిన చోట ఎస్, టీ, ఆర్, జీ అని ఉంది. నాలుగూ హల్లులే, మధ్యలో మందుకైనా ఒక్క అచ్చు లేదు. పోనీలే, అక్షరాలు అక్షరాలే కదా అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఇంటర్ సెలవుల్లో టైపు లోయర్ పాసైనవాణ్ని. మా టైపు మాస్టారు చెక్క స్కేలు పట్టుకుని వెనకాల తిరిగేవాడు. కీబోర్డు వంక చూస్తే వేళ్ల మీద ఒకటి వేసేవాడు. ఆ దెబ్బలకి నా కళ్లు ఇప్పటికీ కీబోర్డు మీదికి దిగవు. జర్మన్ కీబోర్డు మీద వై ఉండాల్సిన చోట జెడ్, జెడ్ ఉండాల్సిన చోట వై ఉంటాయన్న సంగతి అందుకే నాకు తెలియలేదు. వాళ్ల భాషలో జెడ్‌కి చేతినిండా పని, వై ఎక్కడో చుట్టపుచూపుగా వచ్చిపోయే అక్షరం. అందుకని జెడ్‌ని నడింట్లో కూర్చోబెట్టి, వైని కింది వరస మూలకి తోసేశారు. ఆ అమరిక చేసినవాళ్ల వంశంలో ఒక్క అయ్య కూడా లేడని మాత్రం గట్టిగా చెప్పగలను.

మొదట ఈమెయిల్ రాయాలంటే ఎట్ ద రేట్ దొరకలేదు. రెండు అంకె మీద ఎన్నిసార్లు కొట్టినా కొటేషన్ గుర్తే పడుతోంది. పక్కగది కుర్రాడొచ్చి ఆల్ట్ జీఆర్ నొక్కిపెట్టి క్యూ కొట్టమన్నాడు. జర్మన్లు ఆ గుర్తుని తోక చుట్టుకున్న ఒక రకం కోతి పేరుతో పిలుస్తారట. కోతి దొరికిందన్న సంబరంలో మా హాస్టల్ బిల్డింగ్ చూసుకునే పెద్దాయనకి మెయిల్ రాశాను. పోస్టు డబ్బా మీద నా పేరు వేయండి సార్ అని. ఆయన నిక్కచ్చి మనిషి. సాయంత్రానికల్లా వేశాడు.

పది రోజులైనా బ్యాంకు కార్డు రాలేదు. జర్మనీలో పోస్ట్‌మ్యాన్ ఫ్లాటు నంబరు చూడడు, డబ్బా మీద పేరు చూస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే పోతుంది. కిందికి దిగి చూస్తే మా వరసలో ఏ డబ్బా మీదా యాదయ్య లేడు. నా డబ్బా మీద మాత్రం ఎవరో జాదజ్జా ఉన్నాడు. ఎవడో నా డబ్బా కొట్టేశాడని పెద్దాయన దగ్గరికి పోయి గొడవ పెట్టుకున్నాను. ఆయన నా మెయిలు ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. కింద సంతకం నాదే. పైన ‘థాంక్ జూ’ అని కూడా ఉంది.

డబ్బా ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెడితే అందరూ నవ్వారు, అమ్మ తప్ప. వెంటనే ఫోన్ చేసింది. “ఆడికి పొయ్యి నెల కాలే, తాత పేరు మార్చుకున్నవారా?”

అప్పటికి చేతిలో డబ్బులు అయిపోయాయి. ల్యాప్‌టాప్ కొన్న షాపులోనే వారానికి రెండు రోజుల పని దొరికింది. పాత ల్యాప్‌టాప్‌లు తెచ్చి, శుభ్రం చేసి, ఏ దేశం నుంచి ఆర్డరొస్తే ఆ దేశపు అక్షరాల స్టిక్కర్లు బటన్ల మీద అంటించి పంపాలి. ట్వీజర్స్‌తో ఒక్కో స్టిక్కర్ తీసి వంకర లేకుండా పెట్టడం, అమ్మ ముగ్గు చుక్కలు పెట్టినంత ఓపికతో చేయాల్సిన పని. ఎదురుగా గోడకి ఇరవై దేశాల షీట్లు వేలాడుతుండేవి. యూరప్ మ్యాప్ నేను వాటిని చూసే నేర్చుకున్నాను.

ఫ్రాన్స్ షీటుతో నాకు పడేది కాదు. ఏ, క్యూ సీట్లు మార్చుకుంటాయి. జెడ్, డబ్ల్యూ మార్చుకుంటాయి. ఎమ్ వచ్చి ఎల్ పక్కన కూర్చుంటుంది. అంకె కొట్టాలన్నా షిఫ్ట్ నొక్కాలి, చివరికి ఫుల్‌స్టాప్‌కి కూడా. యూ మీద గీతతో ఇంకో అక్షరం ఉంది, దానికి సొంతంగా ఒక బటన్. అది వచ్చేది భాష మొత్తంలో ఒకే ఒక్క మాటలో, ‘ఎక్కడ’ అనడానికి. మన అక్షరమాలలో ‘ఌ’ పెట్టుకుని కూర్చోలేదా అనుకుని క్షమించాను. దీని మీద వాళ్లకే విసుగొచ్చి 2019లో కొత్త అమరిక ప్రమాణం తెచ్చుకున్నారు గానీ, మా షాపుకొచ్చేవన్నీ పాత సరుకే.

స్పెయిన్‌ది ఎన్ మీద అల ఉన్న అక్షరం. అది లేకుండా కంప్యూటర్ అమ్మకూడదని స్పెయిన్ పెట్టుకున్న నియమం వ్యాపారానికి అడ్డమని 1991లో యూరోపియన్ కమ్యూనిటీ పేచీ పెడితే, 1993లో చట్టం చేసి మరీ నిలబెట్టుకున్నారు. మరి ఆ అల ఎగిరిపోతే వాళ్ల భాషలో ‘ఏడాది’ అన్న మాట మనం కూర్చునే భాగానికి పేరవుతుంది. ‘నాకు ఇరవై ఏళ్లు’ అని రాసినవాడి గతి ఆలోచించండి. హంగరీ వాళ్లు సున్నాని ఒకటికి ముందు పెట్టుకున్నారు, లెక్కల మాస్టారు మెచ్చే పద్ధతి. ఇక పోలండ్ ఆర్డరొస్తే నాకు పండగే. వాళ్లవి మన ఇండియాలో దొరికే కీబోర్డులాంటివే. జెడ్, వై ఎవరి ఇళ్లలో అవి ఉంటాయి.

డిసెంబర్‌లో నార్వే నుంచి పన్నెండు ల్యాప్‌టాప్‌ల ఆర్డరొచ్చింది. ఓనరు నన్ను పిలిచి కూర్చోబెట్టి మరీ చెప్పాడు. “డెన్మార్క్ షీటు, నార్వే షీటు చూడటానికి ఒకటే. ఎల్ పక్కన రెండు బటన్లు చూడండి. ఏ, ఈ అతుక్కున్న అక్షరం డెన్మార్క్‌లో ముందు, అడ్డగీత ఉన్న ఓ తర్వాత. నార్వేలో ఓ ముందు. పోయినసారి కుర్రాడు కలిపేశాడు, పదిహేను తిరిగొచ్చాయి.”

ఇంకెవరన్నా అయితే తప్పు చేసేవాళ్లేమో గానీ, తెలుగువాణ్ని, ‘ల’కీ ‘ళ’కీ తేడా తెలిసినవాణ్ని. డెన్మార్క్ షీటు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒక్కో ల్యాప్‌టాప్‌కి ముందుగా కంపెనీ వాళ్లు లాగిన్ అవడానికి తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టాను. ఏం పెట్టాలో తోచక నా పేరూ, పక్కన 123. పేరు పెట్టేటప్పుడు కళ్లు తెరమీదే ఉన్నాయి, తెరమీద చుక్కలు పడుతున్నాయి. తర్వాత భాష నార్వేకి మార్చాను. జర్మన్ జెడ్ మీద వై, వై మీద జెడ్ నా చేతులతో అంటించాను. పుట్టింటికొచ్చిన ఆడపిల్లని చూసినట్టు ఆ వైని కాసేపు చూసుకున్నాను కూడా. అడ్డగీత ఓ మూడుసార్లు కొట్టి సరిచూశాను. పాస్‌వర్డ్ కాగితం ప్రింటు తీసి, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని స్పెల్లింగ్ చూసి, డబ్బాలో పెట్టి సీలు వేశాను.

నాలుగో రోజు పొద్దున్నే ఫోన్. ఓనరు స్పీకర్ ఆన్ చేశాడు. పన్నెండింట్లో ఒక్కటీ తెరుచుకోవడం లేదట. ఓనరు కాగితం చూసి ఒక్కో అక్షరం విడమర్చి చెబుతున్నాడు. అవతలి మనిషి ఒక్కో అక్షరం కొట్టి “తప్పు అంటోంది” అంటోంది. మళ్లీ చెప్పాడు. మళ్లీ తప్పు. ఓనరు నా వైపు తిరిగి, “ఓ ముందు పెట్టారా?” అన్నాడు. పెట్టాను సార్, ఒట్టు. “మరి?”

మరి అంటే ఏం చెప్పను? ఊరికే గాలిలో పాస్‌వర్డ్ కొట్టి చూసుకున్నాను, పేక లేని మగ్గం మీద నేతగాడిలా. కుడిచేతి చూపుడువేలు పైకి పోయింది. మొదట ఒకసారి, తర్వాత వరసగా రెండుసార్లు. పెట్టినప్పుడు అవి జర్మన్ కీబోర్డులు! మా టైపు మాస్టారి స్కేలు వేళ్ల మీద ఠపీమని పడింది.

ఫోన్ దగ్గరికి జరిగి గొంతు సవరించుకున్నాను. “మేడమ్, జెడ్ కొట్టండి. ఏ. డీ. ఏ. ఇంకో జెడ్. ఇంకో జెడ్. ఏ. 123.”

అటు నుంచి విండోస్ తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది. ఓనరు కళ్లజోడు తీసి కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

“ఇది ఏ భాష మాట?”

“మీ భాషే సార్. నా పేరు.”

ఆయన ఇంకేమీ అడగలేదు. పెన్ను తీసి, మిగతా పదకొండు ల్యాప్‌టాప్‌ల కాగితంలో మూడు వైలూ కొట్టేసి, పైన శ్రద్ధగా మూడు జెడ్‌లు రాసి, స్కాన్ చేసి పంపించాడు.