ఫిల్టరుకు తలంటు

రాయగడలో ఉండే మా బావగారు ఏ వస్తువు కొన్నా దాని గుణగణాలు జయపురంలో ఉన్న మాకు వినిపించక మానవు. ఆయన తన కారులోని కాగితపు ఎయిర్ ఫిల్టరును తీసేసి, ఉతికి మళ్లీ వాడుకునే నూలు ఫిల్టరును వేయించుకున్నారని తెలిసి, నేనూ ఒకటి తెప్పించాను. దానికి నూనె పలచగా పట్టించాలని డబ్బా మీద రాసి ఉంది గాని, అది పిసినారులకు చెప్పిన మాట అనుకుని, భోగినాడు పిల్లలకు తలంటినట్టు సీసా మొత్తం పట్టించాను.

రెండు రోజుల తరువాత విజయనగరం నుంచి మా అత్తగారిని తీసుకువస్తుండగా, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే కారు నీరసించింది. ఇంజిన్ దీపం వెలిగింది. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటుందని, పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుందని నేను విశదీకరిస్తూ ఉండగా, సాలూరులో హారన్ కొట్టి మరీ మేము దాటేసిన సరుకు లారీ మమ్మల్ని దాటిపోయింది. దాని క్లీనరు చెయ్యి కూడా ఊపాడు.

“మరి ఆ లారీకి గాలి ఎక్కడ దొరికింది, అల్లుడుగారూ?” అన్నారు అత్తగారు. పలచని గాలిని కుదించి ఇంజిన్‌కు అందించడానికే టర్బో ఉన్నదని నాకు తెలియనిది కాదు, కాబట్టి మాట్లాడలేదు. “మా పెద్దవాడికి ఫోన్ చెయ్యండి, వాడికి ఇంజిన్ల సంగతి బాగా తెలుసు” అన్నారామె. ఆ పెద్దవాడే మా బావగారు. అదృష్టవశాత్తూ అక్కడ సిగ్నల్ లేదు.

పొట్టంగిలో మెకానిక్ స్కానరు తగిలించగా పి0101 అని వచ్చింది. గాలి కొలత తప్పుతోందని దాని అర్థం. ఫిల్టరు పెట్టె విప్పి చూసి, “బాబూ, ఇందులో పకోడీలు వేయించారా?” అని అడిగాడు. ఫిల్టరుకూ టర్బోకూ మధ్య గొట్టంలో ఉండే సెన్సారులో ఒక సన్నని పొరను కరెంటుతో వేడిగా ఉంచుతారని, గాలి వీచేకొద్దీ చల్లబడే ఆ పొరను తిరిగి వేడెక్కించడానికి పట్టే కరెంటును బట్టి కంప్యూటరు లోపలికి వచ్చే గాలి బరువును లెక్కగట్టి, నల్లపొగ రాకుండా ఎంత డీజిల్ ఇవ్వవచ్చో నిర్ణయిస్తుందని అతడు చెప్పాడు. నా నూనె ఆ పొరకు దుప్పటి కప్పింది. చలి తగలని పొర గాలి అంతగా రావడం లేదని చెప్పింది, కంప్యూటరు నమ్మి డీజిల్‌కు కోత పెట్టింది.

తుడవడానికి నేను జేబురుమాలు తీయగానే మెకానిక్ చెయ్యి అడ్డుపెట్టాడు. ఆ సెన్సారు కోసమే ఉన్న స్ప్రే కొట్టి, ఆరేదాకా దాని వంక ఎవరినీ పోనివ్వక, చివరికి మామూలు కాగితపు ఫిల్టరు బిగించాడు. నూలు ఫిల్టరును పాత పేపరులో చుట్టి ఇస్తే, కారులో మరకలు పడతాయని అత్తగారు దానిని జయపురం దాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

కొరాపుట్ దాటాక ఫోన్ మోగింది. “బావా, ఘాట్‌లో ఎలా లాగింది? కొత్త ఫిల్టరు తడాఖా చూశావా?” అన్నారు బావగారు.

ఏమీ అనకుండా ఫోను అత్తగారికి అందించాను.