అటక మీద మామయ్యగారు

విజయవాడలో మా అత్తవారి అపార్ట్‌మెంట్లో ఇరవై ఫ్లాట్లకీ కలిపి ఉన్నది ఒకటే నిచ్చెన. ఏడాదంతా సెల్లార్లో మోటారు పక్కన దుమ్ము కొట్టుకుని పడి ఉంటుంది, దాని మొహం చూసేవాడుండడు. ఉగాది ముందు వారం మాత్రం దానికి అమెరికా పెళ్ళికొడుక్కి ఉన్నంత గిరాకీ. ఎందుకంటే మంగళవారం బూజు దులపకూడదు, శుక్రవారం అసలే దులపకూడదు, కొత్త అమావాస్య నాడు ఆ మాటే ఎత్తకూడదు, మిగతా రోజుల్లో ఆఫీసులు. ఇక మిగిలింది పండగ ముందొచ్చే ఆదివారం. ఇరవై ఇళ్ళ బూజుకీ అదే ముహూర్తం.

మా అత్తయ్య ముందుచూపున్న మనిషి. శనివారం సాయంత్రమే వాచ్‌మన్ ఇంటికి పులిహోర పంపించి, నిచ్చెన మా గుమ్మంలోకి తెప్పించేసింది. ఆదివారం తెల్లారేసరికి పరుపులు బాల్కనీలో, కర్టెన్లు బకెట్లో, దేవుడి గదిలోని ఇత్తడి సామానంతా చింతపండు పిసికిన బేసిన్లో ఉన్నాయి. నాకు ఫ్యాన్లు అప్పజెప్పారు. (పాత దిండు గలీబు రెక్కకి తొడిగి వెనక్కి లాగండి, దుమ్మంతా గలీబులోనే ఉండిపోతుంది, మంచం మీద పడదు. ఈ ఇంటికొచ్చాక నేను నేర్చుకున్న విద్యల్లో నిజంగా పనికొచ్చింది ఇదే.) మా ఆయన అడిగి మరీ తీసుకున్న పని, ఎవరెవరు ఏం చేస్తున్నారో సోఫాలోంచి చూడటం.

అటక మాత్రం మామయ్యగారిది. ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనే ఎక్కారు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన మనిషి. పోయినేడు ఇదే ఉగాది ముందు ఆయన వాకింగ్‌కి వెళ్ళొచ్చేలోపు ఆయన సర్వీసంతా రాసుకున్న నోట్సు కిలోల లెక్కన వెళ్ళిపోయింది. అందుకని ఈసారి ఆయన అటక ఎక్కింది దులపడానికి కాదు, కాపలాకి.

బాత్రూం పైన కట్టే ఆ అటకలు మీకు తెలిసే ఉంటాయి. మనిషి కూర్చోవచ్చు, నిలబడలేడు. ఒకసారి అందులోకి వెళ్ళిన వస్తువు మళ్ళీ గృహప్రవేశానికో పురిటికో తప్ప కిందికి రాదు. ట్రంకు పెట్టె, మా ఆయన పడుకున్న ఉయ్యాల తొట్టి, తెరిచి చూడని పెళ్ళి కానుకలు, టీవీ వచ్చిన అట్టపెట్టె, ఆ టీవీ పోయాక కొన్న టీవీ వచ్చిన అట్టపెట్టె, కలరా ఉండల వాసన కొట్టే రజాయిలు, అత్తయ్య పుట్టింటి నుంచి వచ్చిన తిరగలి. అంత రాయిని అంత ఎత్తుకి ఎవరెక్కించారో ఎవరికీ గుర్తులేదు. అన్నిటికీ ముందు, మామయ్యగారి రేడియో, దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన పుస్తకంతో సహా.

ఆయన పైకెక్కి ఈ సామ్రాజ్యం మధ్య స్థిరపడ్డాక, నేను బెడ్‌రూంలో ఫ్యాన్ మీద ఉండగా, అత్తయ్య డాబా మీద పప్పులు ఎండబెట్టడానికి వెళ్ళగా, వాచ్‌మన్ వచ్చి నిచ్చెన ఖాళీయేనా సార్ అని అడిగాడు. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తి చూశారు. నిచ్చెన మీద ఎవరూ లేరు. ఖాళీయే, తీసుకుపో అన్నారు.

డాబా మీద అత్తయ్య కళ్ళముందే ఆ నిచ్చెన వాటర్ ట్యాంకులోకి దిగిందట. పండగకని ట్యాంకు కడిగించడానికి అసోసియేషన్ వాళ్ళు పిలిపించిన ఇద్దరు కుర్రాళ్ళు దాని మీదుగా లోపలికి దిగారు. అది చూసి ఆవిడ, ఈసారి ఈయన చకచకా కానిచ్చేశారే అని సంతోషపడిందట కూడా.

నేను బయటికొచ్చి చూసేసరికి అటక అంచు మీంచి ఒక కాలు కిందికి వేలాడుతోంది. గాల్లో అటూ ఇటూ మెట్టు కోసం వెతుకుతోంది.

"అమ్మాయ్, నిచ్చెన కొంచెం ఎడమకి జరిగినట్టుంది, చూడు."

"మామయ్యగారూ, కాలు పైకి తీసుకోండి. నిచ్చెన లేదు."

ఈ ఏడాది వచ్చేది పరాభవ నామ సంవత్సరమని ఆ వారమంతా అందరూ అంటూనే ఉన్నారు. మా ఇంట్లో అది పంచాంగం కంటే ముందే వచ్చేసింది.

మా ఆయన డాబా మీదకి పరిగెత్తి అంతే వేగంగా తిరిగొచ్చారు. ట్యాంకులోంచి కుర్రాళ్ళు న్యాయమైన ప్రశ్నే అడిగారట: నిచ్చెన మీరు లాగేసుకుంటే మేమెట్టా బయటికి రావాల? గోడలకి పట్టిన పాచి గోకి, మడ్డి తోడి, మళ్ళీ కడగాలి, చాలాసేపు పడుతుందట.

"వాళ్ళెంతమంది?" అంది అత్తయ్య.

"ఇద్దరు."

"ఈయన ఒక్కరేగా. కానియ్యమను."

డైనింగ్ టేబుల్ తెచ్చి దాని మీద స్టూలు వేద్దామని మా ఆయన సలహా. టేబుల్ ఆ సందులో పట్టలేదు. అయినా మామయ్యగారి మోకాళ్ళు ఎక్కమంటే ఎలాగో ఎక్కుతాయి గానీ దిగమంటేనే పేచీ పెడతాయి, స్టూళ్ళ మీద విన్యాసాలకి ఒప్పుకునే రకం కాదు. కాబట్టి ఆయన్ని ఉన్నచోటే పోషించాలని తేలింది. బూజుకర్ర కొసకి చేతిసంచి కట్టి అందులో కాఫీ ఫ్లాస్కు, బీపీ మాత్ర పెట్టి పైకి అందించాం. ఆ బూజుకర్ర ఆ రోజు చేసిన పని ఇంతే. రెండో విడతలో ఉప్మా వెళ్ళింది. జీడిపప్పు వేయలేదేమని పైనుంచి ఫిర్యాదు కూడా వచ్చింది.

కడుపులో కాఫీ పడ్డాక ఆయన కింద పరిచిన పాత పేపర్లు చదవడం మొదలుపెట్టారు. వాటిలో ఒకటి 1996 మార్చి 14 నాటిది. ముందు రోజు ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో సెమీఫైనల్. ఇక చూడండి. టాస్ గెలిచి మరీ ఫీల్డింగ్ తీసుకుంటాడా అజారుద్దీన్, అని ముప్ఫై ఏళ్ళ కోపం అటక మీంచి కారిడార్‌లోకి దూకింది. 252 కొట్టాల్సిన మ్యాచ్‌లో సచిన్ 65 కొట్టి స్టంపౌట్ అయ్యాక 120కి ఎనిమిది వికెట్లు. జనం సీసాలు విసిరి, స్టాండ్లలో నిప్పు పెట్టి ఆట ఆపించడం, వినోద్ కాంబ్లీ ఏడుస్తూ రావడం, అంతా కామెంట్రీతో సహా వినిపించారు. ఎదురింటి అంకుల్ ఆ గొంతు విని లోపలికొచ్చి, పైకి చూసి, ఏమిటండీ ఇది అనకుండా, పిచ్ మీద తప్పు పెట్టుకోండి అజార్‌ని అనకండి అని వాదనకి దిగారు. ఆయనకి కుర్చీ వేశాం, ఏం చేస్తాం. ఆయన తల పైకెత్తీ, ఈయన కిందికి వంచీ మాట్లాడుకుంటుంటే ఇంకో ఇద్దరు చేరారు. నిచ్చెన ఉంటే ఒకసారి ఇస్తారా అని అడగడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు.

జనం మధ్య ఊరికే కూర్చోవడం బాగోదని మా ఆయన మొదటిసారి పని ముట్టుకున్నారు. అటక కిందే కదా బాత్రూం. నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద యాసిడ్ సీసా మూత తీశారు.

"ఒరేయ్! ఆగు!"

ఆ కేక విని ఎదురింటి అంకుల్ కుర్చీలోంచి లేచారు.

"ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుందిరా. 1915లో బెల్జియంలో జర్మన్ సైన్యం శత్రువుల మీదకి వదిలింది అదే. గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, కిందికే దిగుతుంది. పైనున్న నాకంటే ముందు నువ్వు పోతావ్."

సీసా మూత పడింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఇంట్లో జరిగిన ఏకైక ఉపయోగకరమైన పని ఆయన అటక మీద ఉండబట్టే జరిగింది. కానీ మెచ్చుకుంటే లెక్చరర్లు ఆగరు. అదే ఊపులో, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది చిలుముని ఎలా కరిగిస్తుందో కూడా చెప్పబోయారు. మా అమ్మ ఏ ఆమ్లం పేరూ తెలియకుండానే తళతళలాడేలా తోమింది లెండి అంది అత్తయ్య, చెంబు మీంచి తల ఎత్తకుండా.

మధ్యాహ్నం కావస్తుండగా నిచ్చెన వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో మైకు: పాత ఇనుప సామాన్లు, పాత పేపర్లు, పాత ప్లాస్టిక్ కొంటాం. అత్తయ్య ఆ మైకు విన్నది, నిచ్చెనని చూసింది, మొగుణ్ణి చూసింది. నిచ్చెనని గోడకి వేయనివ్వకుండా వాచ్‌మన్‌ని గుమ్మంలోనే ఆపింది.

"ఏవండీ, ముందు ఆ అట్టపెట్టెలు అందించండి."

"నిచ్చెన వేయించు, దిగి మాట్లాడుకుందాం."

"దిగాక మీరు మాట్లాడతారా?"

బేరం చాలాసేపు సాగింది. అట్టపెట్టెలు వచ్చాయి. రజాయిలు వచ్చాయి. ఉయ్యాల తొట్టి మీద చర్చ నా వైపు మళ్ళబోతుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, కాబట్టి అది పైనే ఉండిపోయింది. ఆఖరికి రేడియో దగ్గర ఆగింది. నా రేడియో దిగితే నీ తిరగలీ దిగాలి అన్నారాయన. అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించి సరే అంది. మా పెళ్ళప్పుడు కూడా రెండు వైపులవాళ్ళూ ఇంత గట్టిగా మాట్లాడుకోలేదు.

నిచ్చెన వేశారు, ఆయన దిగారు, అంకుల్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆటోవాడు రేడియోకి అరవై రూపాయలిచ్చాడు, రాయి కొనమమ్మా అని తిరగలి వదిలేశాడు. దాన్ని వాచ్‌మన్ పెళ్ళానికి ఇచ్చేస్తానంది అత్తయ్య. మామయ్యగారు దిగులుగా, అలా కొంచెం నడిచొస్తానని చెప్పులేసుకుని వెళ్ళారు. పాపం అనుకున్నాం.

పండగ బాగా జరిగింది. పచ్చడిలో వేపపువ్వు కాస్త ఎక్కువైంది, అంతే.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ రోడ్డెక్కినప్పటి నుంచీ కారు వెనక కుంగినట్టుందని మా ఆయన గొణుగుతూనే ఉన్నారు. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు గాలి చూసేది తీద్దామని డిక్కీ తెరిచారు. బియ్యం మూట పక్కన గోనెసంచిలో తిరగలి, రెండు రాళ్ళూ. ఇవతల పాత పంచెలో చుట్టిన రేడియో, లైసెన్సు పుస్తకం దాని పొట్టకి దారంతో కట్టి ఉంది.

మామయ్యగారికి ఫోన్ చేశాను. ఆటోవాడు వీధి చివర దొరికాడమ్మా, రెండొందలు ఇస్తే గానీ ఇవ్వలేదు దొంగవెధవ అన్నారు గొంతు తగ్గించి. మీ అటక ఎలాగూ ఖాళీయేగా, మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు.

పెట్టేస్తుండగానే రెండో ఫోన్ మోగింది. అత్తయ్య.

"అమ్మాయ్, సంచి చూశావా? మీ మామయ్యకి చెప్పకు."