నెమ్మదిగా కదలడమూ వ్యాయామమే

వ్యాయామం అనగానే చెమట పట్టాలి, ఆయాసం రావాలి, మర్నాడు ఒళ్లు నొప్పులు పుట్టాలి అన్న అభిప్రాయం మనలో బలంగా నాటుకుపోయింది. ఆ దృష్టితో చూసేవారికి, వెల్లకిలా పడుకుని మోకాలిని కొద్దికొద్దిగా పక్కకు వాలుస్తూ నడుములో కలిగే మార్పును గమనించడం కాలక్షేపంగానే కనిపిస్తుంది. అయినా, రోజులో ఎక్కువ భాగం కుర్చీలో గడిపే వారందరికీ ఈ సాధన అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కళ్లు మూసుకున్నా మన చేయి ఎక్కడుందో మనకు తెలుస్తుంది. కండరాల్లోను, కీళ్లలోను ఉన్న నాడీ గ్రాహకాలు ఆ సమాచారాన్ని మెదడుకు నిరంతరం చేరవేస్తుంటాయి. వయసు పెరిగేకొద్దీ ఈ ఎరుక మందగిస్తుంది, దానితోపాటు నిలదొక్కుకునే శక్తీ తగ్గుతుంది. నిదానంగా సాగే, చైనాలో పుట్టిన తాయ్ చీ వంటి సాధనలు వృద్ధులు పడిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తాయని పరిశోధనల్లో తేలడం నాకేమీ ఆశ్చర్యం కలిగించలేదు.

భౌతికశాస్త్రం చదివి, జూడోలోనూ ఆరితేరిన మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) తన మోకాలి గాయం వేధించినప్పుడు సొంత కదలికలనే పరిశీలించి ఒక పద్ధతిని రూపొందించారు. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ప్రయత్నాన్ని తగ్గించమనే సూత్రం. చేతిలో పెద్ద బరువు ఉన్నప్పుడు దానికి కొంచెం చేర్చినా తెలియదు. తేలికైన వస్తువుకు అంతే చేర్చితే వెంటనే తెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ వేబర్ గుర్తించిన ఈ సంగతి కండరాల శ్రమకూ వర్తిస్తుంది. బలవంతంగా సాగదీస్తున్నప్పుడు సూక్ష్మమైన తేడాలు మన ఎరుకకు అందవు.

కుర్చీలోంచి లేవడాన్నే తీసుకోండి. చాలామంది గడ్డం పైకెత్తి, మెడ బిగించి, ఊపిరి ఆపి ఒక్క ఊపున లేస్తారు. పాదాలను మోకాళ్లకు కాస్త వెనక్కి జరిపి, తుంటి దగ్గర ముందుకు వంగుతూ, బరువు పిరుదుల నుంచి పాదాల మీదికి మారడాన్ని గమనిస్తూ లేస్తే, తొడలకు అంత శ్రమ ఉండదు. సగం లేచి, మళ్లీ అంతే నెమ్మదిగా కూర్చోగలిగితే మరీ మంచిది.

మెడకు మరొక సాధన ఉంది. తలను హాయిగా తిరిగినంత వరకే కుడికి తిప్పి, చూపు ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోవాలి. తర్వాత తల కుడికి తిరుగుతుంటే కళ్లను ఎడమకు, తల మధ్యకు వస్తుంటే కళ్లను కుడికి కదుపుతూ కొన్నిసార్లు చేసి, కాసేపు ఆగి, మళ్లీ మామూలుగా తిప్పి చూడాలి. చాలామందికి చూపు మొదటిసారి కంటే కొంత ముందుకు వెళ్తుంది. తల తిరుగుతున్నట్టు అనిపించినా, నొప్పి కలిగినా అక్కడితో ఆపేయాలి. మెడకు గాయమైనవారు, శస్త్రచికిత్స జరిగినవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

ఇవి నడకకు ప్రత్యామ్నాయం కావు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన అందరికీ వర్తించేదే. అయితే వ్యాయామం నేర్పేవారికి ఒక విన్నపం: తరగతిలో పది నిమిషాలైనా అంకెలు లెక్కపెట్టడం మాని, ఎవరికి ఎక్కడ ఊపిరి బిగిసిందో, ఏ వైపు తేలికగా కదిలిందో అడగండి.