పీసా టవర్ ఇవాళో రేపో కూలదు, ఎక్కి రండి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే ఫార్వర్డ్: "పీసా టవర్ ఏటేటా ఒరిగిపోతోంది. ఇవాళో రేపో కూలుతుంది. అందుకే ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. ప్రపంచంలో ఇంతగా ఒరిగిన కట్టడం ఇంకోటి లేదు. కట్టినవాళ్లకి లెక్కలు రాకే ఇలా అయ్యింది." ఇటలీ టికెట్లు కొనుక్కున్న కింది ఫ్లాట్ ఆయనకి టెన్షన్ పట్టుకుంది.

ఏటేటా ఒరగడం ఒకప్పటి మాట. 1989లో ఇటలీలోనే పావియా అనే ఊళ్లో కెథడ్రల్ (పెద్ద చర్చి) పక్కనున్న పాత టవర్ ఉన్నట్టుండి కూలి నలుగురు చనిపోయారు. దాంతో 1990 జనవరిలో పీసా టవర్‌ని మూసేశారు. అది దక్షిణానికి ఒరిగింది కాబట్టి ముందు ఉత్తరం వైపు వందల టన్నుల సీసం దిమ్మెలు పేర్చారు. అసలు మందు మాత్రం మట్టి తోడడం. ఉత్తరం వైపు పునాది కింద నుంచి ఏటవాలు గొట్టాలతో కొంచెం కొంచెంగా తీశారు. అటు నేల దిగింది, పైకొస దాదాపు 45 సెంటీమీటర్లు వెనక్కొచ్చింది. అక్కడితో కావాలనే ఆపేశారు. నిటారు టవర్ చూడ్డానికి పీసా దాకా ఎవరెళ్తారు?

ఎక్కనివ్వకపోవడమేంటి, 2001 డిసెంబర్‌లోనే తెరిచారు! నేనూ ఎక్కాను. లిఫ్ట్ లేదు, చుట్టు తిరిగే పాలరాతి మెట్లే. శతాబ్దాల నడకకి మెట్లు గుంటలు పడ్డాయి. దక్షిణం వైపు గుంట బయటి గోడ పక్కన, ఉత్తరం వైపుకొచ్చేసరికి లోపలి గోడ పక్కన. మనిషి ఎటు తూలితే అటు అరిగిందన్నమాట. దక్షిణానికి నడుస్తుంటే ఎక్కుతున్నట్టే ఉండదు, ఉత్తరానికి తిరగ్గానే ఆయాసం.

ఇంతగా ఒరిగింది ఇంకోటి లేదా? జర్మనీలో సూర్‌హూజెన్ అనే పల్లెలో చర్చి టవర్ 5.19 డిగ్రీలు ఒరిగింది. పీసాది సుమారు 4. దీనికి పోటీగా కాశీ రత్నేశ్వర్ మహాదేవ్ గుడి 74 మీటర్లని ఇంకో ఫార్వర్డ్ తిరుగుతోంది. గుడి ఒరిగిన మాట నిజమే. కానీ 74 మీటర్లంటే ఇరవై అంతస్తుల పైమాట, ఘాట్ ఫోటో ఒక్కటి చూసినా తేలిపోతుంది.

ఇక లెక్కలు రాకపోవడం. ఇందులో సగం నిజం ఉంది. పీసా కెథడ్రల్ గంటల కోసం 1173లో మొదలుపెట్టి, మెత్తటి బంకమట్టిలో మూడు మీటర్ల లోతు పునాదితో సరిపెట్టారు. మూడో అంతస్తుకే కుంగింది. తర్వాత దాదాపు వందేళ్లు పని ఆగింది, ఆ విరామంలోనే కింద మట్టి గట్టిపడింది. ఆపకుండా కట్టుంటే అప్పుడే పడిపోయేదని ఇంజినీర్లంటారు. 1272లో మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఒరుగుడు సరిచేద్దామని పై అంతస్తుల్ని ఒకవైపు ఎత్తు పెంచి కట్టారు. అందుకే టవర్ తిన్నగా ఒరగలేదు, అరటిపండులా వంపు తిరిగింది.

కింది ఫ్లాట్ ఆయనకి ఇవన్నీ చెప్పాను. టైమ్ స్లాట్ టికెట్ ముందే తీసుకోమన్నాను. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని పైకి రానివ్వరు. వాళ్ల పాపకి ఆరే. మొగుడూ పెళ్లాల్లో ఎవరు ముందు ఎక్కాలన్నది ఇంకా తేలలేదు.