రతన సుత్తం దెయ్యాల మంత్రం కాదండీ

రతన సుత్తం అనే బౌద్ధుల పాళీ సూత్రం అంటే దెయ్యాల్ని తోలే మంత్రం అని ఒక్క ముక్కలో తేల్చేశారు ఒక ఆర్టికల్‌లో, అదేం కాదండీ. మొదటి రెండు గాథల్లో, అంటే శ్లోకాల్లో, భూతాల్ని తిట్టడం ఉండదు, శ్రద్ధగా వినండి, మనుషుల్ని దయగా చూడండి అని అడుగుతారు అంతే. తర్వాత వరసగా 12 గాథల చివర ‘ఏతేన సచ్చేన సువత్థి హోతు’, ఈ సత్యం వల్ల మేలు జరగాలి అని, సువత్థి అంటే మన స్వస్తే కదా. నేను కొలంబోలో ఉన్నప్పుడు పక్కింటివాళ్ళు కొత్తింట్లో రాత్రంతా పిరిత్, అంటే రక్ష కోసం భిక్షువులతో ఇలాంటి సుత్తాల పారాయణం, పెట్టించారు, తెల్ల కాగితాలు కత్తిరించి మండపం కట్టి మధ్యలో నీళ్ళ కుండ పెట్టి, దాన్నుంచి తెల్లదారం భిక్షువుల చేతుల మీదుగా మా అందరి చేతుల్లోకి వచ్చింది, తెల్లారాక అదే తుంచి ముంజేతికి కట్టి నీళ్ళు అరచేతిలో పోశారు, అచ్చం మన తీర్థమే. రెండింటికల్లా నాకు నిద్రొచ్చేసింది అది వేరే విషయం 😀